గాజు పలకల మీద నిలిచిన ముఖాలు

మీ ఇంటి గోడకున్న పాత ఫోటోను ఎప్పుడైనా నిదానంగా చూశారా? అందులోని ముఖాన్ని మనకు మిగిల్చిన ఫోటోగ్రాఫరు ఎవరో చాలాసార్లు మనకు తెలియదు. ఈ వేళ అటువంటి వారిలో ఒకరిని గూర్చి తెలుసుకుందాం. ఆయనే సికింద్రాబాదులో స్టూడియో నడిపిన లాలా దీన్ దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. ప్లాన్లు గీయడం, ఖర్చుల అంచనాలు వేయడం ఆయన పని. 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. సర్ హెన్రీ డాలీ అనే అధికారి ఆయనను ప్రోత్సహించారు. ఇష్టంతో మొదలుపెట్టిన పనే జీవనాధారమైంది. 1880లలో ఆ ఉద్యోగం విడిచి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. నిజాం ఆయనకు 'రాజా' బిరుదునిచ్చారు.

బిరుదులు గొప్పవే. అయితే మనం గమనించవలసిన సంగతులు రెండున్నాయి.

మొదటిది: ఆ రోజుల్లో ఘోషా పాటించే స్త్రీలు పరాయి పురుషుని ఎదుట ఫోటోకు కూర్చునేవారు కారు. దీన్ దయాళ్ వారిని విడిచిపెట్టలేదు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసమే వేరే స్టూడియో పెట్టి, ఒక ఆంగ్లేయ స్త్రీకి దాని బాధ్యత అప్పగించారు. వారి మర్యాదకు లోటు రాకుండా వారి రూపం నిలిచింది.

రెండవది: 1899-1900 కరువు కాలంలో నిజాం రాజ్యంలో జరిగిన సహాయక పనులను కూడా ఆయన స్టూడియో ఫోటోలు తీసింది. ప్రభుత్వం చేసిన మేలును చూపించడమే వాటి ఉద్దేశం. కానీ నేడు మన కళ్లు ముందుగా ఆగేది బక్కచిక్కిన ఆ మనుషుల మీదనే. నిజాం పేరు మనకు తెలుసు. వారి పేర్లు మనకు తెలియవు.

దీన్ దయాళ్ 1905లో మరణించారు. 1989లో ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. గాజు పలకకు రాజని, కూలి అని భేదం లేదు. వెలుగు పడిన ప్రతి ముఖాన్నీ అది నిలుపుకుంది. పేరు నిలపవలసింది మాత్రం మనుషులే.

ప్రియులారా, మీ ఇంటి ఆల్బములో పేరు రాయని ముఖాలున్నాయా? ఇంట్లో పెద్దలు ఉండగానే అడిగి, ఫోటో వెనుక పెన్సిలుతో రాసిపెట్టండి. ఒక తరం దాటితే ఆ మనిషి ఎవరో చెప్పేవారు ఉండరు. ఈ వారమే ఆ పని చేద్దామా?