మెయిల్‌కౌ: సంఘం ఉత్తరాలు సంఘం చేతిలోనే

మన తెలుగు సంఘాల్లో సభ్యుల జాబితా, ఉత్తరప్రత్యుత్తరాలు తరచూ కార్యదర్శి సొంత మెయిల్‌లోనే ఉండిపోతాయి. కార్యవర్గం మారితే పాత ఉత్తరాల కోసం ఆయన ఇంటికి వెళ్లాల్సిందే. ‘మెయిల్‌కౌ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సంఘం సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ఇందులో ఉత్తరాల రాకపోకలను పోస్ట్‌ఫిక్స్ చూస్తుంది, వాటిని డవ్‌కాట్ భద్రపరుస్తుంది. ఉమ్మడి క్యాలెండర్, చిరునామాల పుస్తకం సోగోలో ఉంటాయి.

సర్వర్‌కు కనీసం 6 జీబీ ర్యామ్ కావాలి. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ సర్వర్ అద్దె, డొమైన్ రుసుము తప్పవు. డీఎన్ఎస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ వివరాలు సరిగా లేకపోతే మన ఉత్తరాలు అవతలివారి స్పామ్‌లో పడతాయి.

డొమైన్‌ను సంఘం పేరిటే కొనాలని, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచాలని, బ్యాకప్ వేరే చోట దాచాలని మేము సూచిస్తున్నాం.