బడి పంతులు అర్హత ఎవరు రాసిండ్రు? వరంగల్ చరిత్రలోంచి కొన్ని పుటలు

తెలంగాణ పల్లెల్లో బడి చెప్పేవాడిని పంతులు అంటరు. బ్రాహ్మడినీ పంతులనే అంటరు. ఈ రెండింటికీ ఒకే మాట ఉండటం ఊరికే జరిగింది కాదు. చదువు చెప్పేవాడికి ఏం అర్హత ఉండాలని ఎవరూ అడగనక్కర లేకుండా అర్హత పేరులోనే ఇమిడి ఉండేది. సాతాని అయ్యవార్లు, జంగమయ్యలు అక్కడక్కడా బడి పెట్టిన మాట నిజమే. కానీ వాళ్ల అరుగు కూడా మాదిగవాడకు, మాలవాడకు అంతే దూరం. ఆ పంతుళ్లకు సర్కారు కాగితం లేదు, పరీక్ష లేదు, ట్రైనింగ్ లేదు. కులమే సర్టిఫికెట్. ఇయ్యాల అదే ఊరికి డీఎస్సీ రాసి వచ్చిన మాదిగ టీచరును పిల్లలు ‘సారు’ అంటరు. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఈ మాటకు కులం లేదు. పంతులు నుంచి సారు దాకా నడిచిన దారి మన విద్యా చరిత్రల్లో కనపడదు. ఎన్ని బడులు తెరిచిండ్రు, ఎన్ని కమిషన్లు వేసిండ్రు అన్న లెక్కలే కనపడతయి. బడిలో ఆ ఒక్క కుర్చీ మీద ఎవరు కూచోవాలని ఎవరు నిర్ణయించిండ్రు అన్న ప్రశ్నను మేము వరంగల్‌ను పట్టుకొని అడగదలచుకున్నాం.

ముందుగా ఒక సంగతి. డాక్టరుకు, వకీలుకు ఉన్నట్టు మన దగ్గర టీచరుకు విడిగా లైసెన్సు అనే కాగితం లేదు. ఉన్నవి గడపలు. చదువు ఒక గడప, ట్రైనింగ్ ఒకటి, స్థానికత ఒకటి, ఎంపిక పరీక్ష ఒకటి, 2011 నుంచి టెట్ ఇంకొకటి. ఒక్కో గడప ఒక్కో కాలంలో లేచింది. ఏ గడప మీదా కులం పేరు రాసి లేదు. రాసి లేదు కాబట్టే వీటిని చరిత్రలో పెట్టి చూడాల్సి వస్తున్నది.

ఈ ప్రాంతంలో అంటరాని కులాల మనిషి పలక పట్టుకొని ‘చదువు చెప్పేవాడు’గా నిలబడింది సర్కారు బడిలో కంటే ముందు మిషన్ బడిలోనే. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టులు 1879లో మిషన్ పెట్టిండ్రు. నిజాం రైలుమార్గం మీది డోర్నకల్ అప్పట్లో వరంగల్ జిల్లాలోది. తిరునల్వేలి నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యిండు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. ఆయన సైతం ఒకప్పుడు గుడి మెట్లు ఎక్కనివ్వని నాడార్ కులం నుంచి వచ్చినవాడే. డోర్నకల్ చుట్టుపక్కల చర్చిలోకి వచ్చినవాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు. వాళ్లకు పాఠం చెప్పడానికి ఊర్లోకి పట్టా పుచ్చుకున్న పంతులు రాడు, వచ్చినా వాడలో ఉండడు. అందుకని ఆ వాడల్లోంచే మనుషుల్ని ఏరి, డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చి, తిరిగి వాడలకే పంపిండ్రు. మగవాళ్లతోపాటు వాళ్ల భార్యలకూ చదువు చెప్పిండ్రు. వాళ్లకు పెద్ద పరీక్షలు లేవు. వాడలో కాపురముంటడా, వాడ మాట మాట్లాడతడా, రాత్రిపూట దీపం పెట్టి చెప్తడా అన్నదే అర్హత. మతం పేరు మీద జరిగింది కాబట్టి దీన్ని విద్యా చరిత్ర కింద లెక్క వేయరు. మేము మాత్రం వేస్తాం. మతం విషయం ఎట్లున్నా, టీచరు అర్హతను పిల్లల అవసరం నుంచి మొదలుపెట్టి రాసిన సందర్భం ఈ జిల్లాలో మాకు కనపడినంతలో అదే మొదటిది.

సర్కారు వైపు సంగతి వేరు. నిజాం రాజ్యంలో బడులు తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అని మెట్లుగా ఉండేవి. పైమెట్టు ఎక్కాలంటే ఉర్దూ మీదుగానే ఎక్కాలె. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే పైచదువు చెప్పింది. రాజ్యంలో సుమారు సగం మంది తెలుగువాళ్లు. వరంగల్ సుబాలో అయితే తెలుగే ప్రధానం. బడిలో ఉద్యోగం మాత్రం ఉర్దూ చదివిన వాడిది. ప్రైవేటుగా తెలుగు బడి పెడదామన్నా 1924 నాటి ఖాన్గీ పాఠశాలల నిబంధనల కింద ముందే అనుమతి తెచ్చుకోవాలె. ఆంధ్రోద్యమం వాళ్లు దీన్ని గట్టిగానే వ్యతిరేకించిండ్రు. ఆ పోరాటం న్యాయమైందే. అయితే వాళ్ల ఫిర్యాదు ‘మా పిల్లలకు మా భాషలో చెప్పే పంతులు లేడు’ అని. వాడ ఫిర్యాదు ఇంకో మెట్టు కింద ఉంది. ఏ భాషలోనైనా సరే, వాడ పిల్లలను లోపల కూచోబెట్టే పంతులు లేడు.

ఆ ఫిర్యాదుకు జవాబు హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ వెతికిండు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన ఆయన 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచిండు. తర్వాత నగరంలో ఆదిహిందూ పాఠశాలలు ఇరవై దాటినయి. తెలుగులో చెప్పే ఈ బడులను చివరికి నిజాం ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకుంది. ప్రభుత్వం అణగారిన కులాలకు వేరుగా పస్త్ అఖ్వాం బడులు కూడా నడిపింది. చివరి ఏళ్లలో ఎస్సీల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టింది. కాబట్టి ఉర్దూ రాజ్యమంటే దళితులకు చీకటి, తెలుగు రాజ్యమంటే వెలుగు అన్న సూత్రం మాకు ఒప్పదు. వేరు బడిలో కూచోబెట్టిన రాజ్యం ఒకటి, ఊరి బడి బయట కూచోబెట్టిన సమాజం ఒకటి.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత అర్హత రాత్రికి రాత్రి తిరగబడింది. బడి భాష తెలుగైంది. ఉర్దూలో చదివినవాడు పనికిరాడన్నరు, తెలుగు చదివి మెట్రిక్ పాసైనవాళ్లు ఇక్కడ తక్కువన్నరు. ఆ ఖాళీలోకి మద్రాసు రాష్ట్రం నుంచి టీచర్లు వచ్చిండ్రు. 1919 ముల్కీ నిబంధనల ప్రకారం ఉద్యోగానికి 15 ఏళ్ల నివాసం ఉండాలె. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చినయి. 1952 వేసవి దాటినంక, వరంగల్‌లో టీచర్ల నియామకాల మీదనే విద్యార్థులు రోడ్డెక్కిండ్రు. అది హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపిండ్రు, ప్రాణాలు పోయినయి. జస్టిస్ జగన్‌మోహన్ రెడ్డి విచారణ జరిపిండు. తెలంగాణ ఉద్యమ చరిత్ర ఎవరు రాసినా ఈ ఘట్టం రాస్తరు. అది వరంగల్ బడి పంతులు నౌకరీ దగ్గర మొదలైందన్న సంగతి మాత్రం ఒక వాక్యంలో దాటేస్తరు.

మేము అక్కడే ఆగి అడుగుతున్నాం. ముల్కీ, గైర్ ముల్కీ తగువులో మాదిగ, మాల, డక్కలి, చిందు ఎక్కడున్నరు? ముల్కీకి పదిహేనేళ్లు చాలు. వీళ్లు పదిహేను తరాల నుంచి ఇక్కడివాళ్లే. వీళ్లకంటే ముల్కీలు ఎవరు? కానీ నివాసం ఒక్కటే చాలదు కదా, మెట్రిక్ కూడా ఉండాలె. నివాసం పుష్కలంగా ఉండి మెట్రిక్ లేని జనం ఆ తగువుకు బయట నిలబడి చూసిండ్రు. స్థానికుల హక్కు అన్న మాట నిజమైందే, అయితే అది స్థానికులందరిదీ కాలేదు.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి ప్రాథమిక బడి సమితి చేతిలోకి పోయింది. టీచరు బదిలీ సమితి ప్రెసిడెంటు చేతిలో, ప్రెసిడెంటు పదవి దొర చేతిలో. టీటీసీ పాసైన దళితుడు కాగితం మీద అర్హుడే. ఆ అర్హతతో ఏ ఊర్లో ఇల్లు దొరుకుతది, ఏ బావిలో నీళ్లు దొరుకుతయి అన్నది రూల్సు పుస్తకంలో ఉండదు. ఆ తర్వాత 1980లలో ‘స్పెషల్ టీచర్లు’ వచ్చిండ్రు. నెలకు 398 రూపాయలు. రెగ్యులర్ టీచరు చేసే పనే, అదే పలక, అదే బోర్డు, జీతం మాత్రం అంత. ‘398 టీచర్లు’ అన్న పేరు వాళ్లకు ఇప్పటికీ పోలేదు. రెగ్యులర్ అయినంక కూడా ఆ ఏళ్ల ఇంక్రిమెంట్ల కోసం దశాబ్దాలు తిరిగిండ్రు. ఆ జీతానికీ ఒప్పుకొని బడికి పోయినవాళ్లలో మొదటితరం చదువుకున్న దళిత యువకులున్నరు. కూలికంటే అదే నయమని పోయిండ్రు.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో జిల్లా స్థానికత లెక్క స్థిరపడింది. సెకండరీ గ్రేడ్ పోస్టుల్లో 80 శాతం జిల్లావాళ్లకు అన్నరు. 2018 ఉత్తర్వు దాన్ని 95 శాతం చేసింది. స్థానికతకు సాక్ష్యం ఊరు కాదు, చదివిన బడి ఇచ్చిన బోనఫైడ్. డీఎస్సీలు వచ్చినయి, రోస్టర్ వచ్చింది, ఎస్సీలకు 15 శాతం వచ్చింది. ఆ 15 లోపల ఎవరికెంత అన్న ప్రశ్నను 1994 నుంచి మాదిగ దండోరా ముందుకు తెచ్చింది. దానికి నాయకత్వం వహించిన మంద కృష్ణ మాదిగ ఈ వరంగల్ జిల్లా మనిషే. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004 నవంబరులో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ మధ్యకాలం డీఎస్సీల్లో మాదిగలు, వాళ్ల ఉపకులాల వాళ్లు బడి కుర్చీ దాకా వచ్చిండ్రు. తర్వాత 20 ఏళ్లు ఆ తలుపు మూసే ఉంది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో కోర్టు దారి తెరిచింది. సరిగ్గా అప్పుడే తెలంగాణలో 11,062 పోస్టుల డీఎస్సీ పరీక్షలు నడుస్తున్నయి. అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చిండ్రు, వర్గీకరణ లేకుండానే. రాష్ట్ర వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది 2025 ఏప్రిల్ 14న. ఆరు నెలల తేడా. ఇంత పెద్ద డీఎస్సీ మళ్లీ ఎప్పుడొస్తదో ఎదురుచూసే పిల్లలకు ఆ ఆరు నెలల విలువ తెలుసు.

ఇక కొత్త గడపలు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 1995లో పని మొదలుపెట్టింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 23న మండలి కనీస అర్హతలు ప్రకటించింది: ప్రాథమిక బడికి ఇంటర్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ల డిప్లొమా, టెట్. ఎస్సీ, ఎస్టీలకు మార్కుల్లో 5 శాతం సడలింపు. టెట్ 150 మార్కులకు. ఇక్కడ జనరల్ వాళ్లకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాసు. బీఈడీని 2015 నుంచి రెండేళ్లు చేసిండ్రు. 2018లో బీఈడీ వాళ్లు ప్రాథమిక బడికీ పనికొస్తరన్నరు, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు పనికిరారన్నది. ఆ ఐదేళ్లు నమ్మి, అప్పు చేసి హన్మకొండలో గది అద్దెకు తీసుకొని కోచింగ్ పోయినవాడి సంగతి తీర్పులో ఉండదు. ఏటూరునాగారం ఏజెన్సీ బడుల్లో ఆదివాసీ టీచర్లే ఉండాలన్న 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో అదే కోర్టు కొట్టేసింది. కోయ పిల్లలకు కోయ మాట వచ్చిన టీచరు కావాలన్నది అర్హత కిందికి రాలేదు. డోర్నకల్ మిషన్‌కు వందేళ్ల కింద అర్థమైన సంగతి ఇది.

అర్హతలే వద్దని మేము అనడం లేదు. చదువు రాని టీచరును దళితవాడ బడికి తోసేసి, ‘వాళ్లకింతే చాలు’ అన్న రాజ్యాన్ని మేము చూసినం. విద్యా వాలంటీర్లతో నెట్టుకొచ్చిన బడుల్లో ఎక్కువగా కూచున్నది మన పిల్లలే. కాబట్టి ట్రైనింగ్ ఉండాలె, అది గట్టిగా ఉండాలె. మా పేచీ గడప ఎత్తు మీద కాదు. మనం కాలు పెట్టబోయే సమయానికే అది ఎందుకు జరుగుతున్నది అన్న దాని మీద.

ఇప్పుడు మన ముందున్నది 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు. టెట్ రాకముందు ఉద్యోగంలో చేరినవాళ్లు కూడా, ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలుంటే, రెండేళ్లలో టెట్ పాస్ కావాలన్నది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండొచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం పాస్ కావాలె. సంఘాలు దీన్ని టీచర్లందరి సమస్యగా మాట్లాడుతున్నయి, అది సరైందే. కానీ లెక్క కట్టి చూడండి. 2000 నుంచి 2004 దాకా వర్గీకరణ ఉన్న కాలంలో పాతికేళ్ల వయసులో చేరినవాళ్లకు ఇప్పుడు యాభై. తెలంగాణలో రిటైర్మెంటు 61. అంటే ఈ తీర్పు కింద పూర్తిగా పడేవాళ్లలో మాదిగ, ఉపకులాల మొదటితరం టీచర్లు ఉన్నరు. హెడ్మాస్టర్ కుర్చీ వాళ్లకు అందే వయసు కూడా ఇదే.

ఇంకో పక్క నాలుగేళ్ల సమీకృత బీఈడీ వస్తున్నది. 2030 నాటికి టీచరుకు అదే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. వరంగల్‌లో అది ఎన్ఐటీలో మొదలైంది. ప్రవేశానికి దేశవ్యాప్త పరీక్ష రాయాలె. టీటీసీ చేసి, కూలికి పోతూ, డీఎస్సీకి చదివి టీచరైన దారి ఇట్లనే ఉంటదా, ఇంటర్ కాంగనే పరీక్ష కొట్టగలిగిన పట్నం పిల్లల దారి అయితదా అన్నది ఇప్పుడే అడగాలె. 2030 వచ్చినంక కాదు.

దీనికి మనకు కావలసింది వాదన కంటే ముందు లెక్క. ఏ ఏడాది డీఎస్సీలో ఏ కులం నుంచి ఎంత మంది టీచర్లయిండ్రు, ఎంత మంది ప్రమోషన్ దాకా వచ్చిండ్రు, ఎంత మందిని ఏ ఊరి బడికి వేసిండ్రు అన్నది సర్వీసు రిజిస్టర్లలో ఉంటది. 2016 తర్వాత పాత వరంగల్ జిల్లా ముక్కలై ఆ రిజిస్టర్లు కూడా పంచుకోబడ్డయి. ఇప్పుడవి హన్మకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి ఆరు జిల్లాల ఆఫీసుల్లో ఉన్నయి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఒక్కో మండలం ఒక్కో విద్యార్థి బృందం పట్టుకుంటే, ఆ మొదటితరం టీచర్లు రిటైర్ కాకముందే ఈ లెక్క తేలుతది. 398 రూపాయల నాటి నియామక పత్రాలు ఇంట్లో ట్రంకు పెట్టెల్లో దాచుకున్నవాళ్లు ఉంటే వాటికి నకళ్లు తీయించి పెట్టాలె.