కొత్త ఫ్లాట్ తాళాలు తీసుకుంటున్నారా? ముందు సీలింగ్ చూడండి!

కొత్త ఫ్లాట్‌కు వెళ్తే టైల్స్, కిచెన్, బాల్కనీ అన్నీ చూస్తాం. తలెత్తి సీలింగ్ చూసేవాళ్లు తక్కువ. స్లాబ్‌లో లోపమైనా, పై ఫ్లాట్ లీకేజీ అయినా బయటపడేది అక్కడే. మరి ఏం చూడాలి? లోపం ఉంటే ఎవరు బాగు చేయాలి?

ఎలా చూడాలి?

వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి. ఫోన్ టార్చ్‌ను సీలింగ్ మీదకు ఏటవాలుగా వేస్తే ఉబ్బులు, సన్నని పగుళ్లు కూడా కనిపిస్తాయి. కర్రతో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ ప్లాస్టరింగ్ స్లాబ్‌ను వదిలేసిందని అనుమానించాలి. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక లైటు తీయించి లోపల చూడండి.

ఏది మామూలు? ఏది ప్రమాదం?

• సాలెగూడులాంటి సన్నని గీతలు: చాలావరకు ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చేవే. పుట్టీ, పెయింట్‌తో సరిపోతుంది.

• గది ఈ చివర నుంచి ఆ చివరకు సాగిన పగులు, బీమ్ మీదకు పాకిన పగులు: స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించాలి. కాంక్రీటు పగులు వెడల్పు సాధారణంగా 0.3 మిల్లీమీటర్లు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు పగులులో దూరిందంటే తేలిగ్గా తీసుకోవద్దు.

• గోధుమ రంగు మరకలు, చెమ్మ: నీరు దిగుతున్నట్టే. పైన బాత్రూమ్ ఉంటే, జాలీ మూసి 24 గంటలు నీళ్లు నిలిపి చూపించమనండి.

• తుప్పు చారలు, ఊడుతున్న పెచ్చులు, బయటపడ్డ చువ్వలు: వీటిని అసలు వదలొద్దు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పైపైన సిమెంటు పూసి రంగు వేస్తే లోపలి తుప్పు ఆగదు.

పగులు పెరుగుతోందో లేదో తెలియాలంటే రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి.

చట్టం ఏం చెబుతోంది?

రెరా చట్టం–2016 సెక్షన్ 14(3) ప్రకారం ఫ్లాట్ అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. లేదంటే పరిహారం అడిగే హక్కు మీకుంటుంది. తెలంగాణలో టీజీ రెరాకు, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ రెరాకు ఫిర్యాదు చేయొచ్చు.

ఇవి మరవొద్దు

ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్టులో రాతపూర్వకంగా తెలపండి. రంగు వేయకముందే తేదీతో ఫొటోలు తీసుకోండి. పొజెషన్ లెటర్ భద్రపరచండి, 5 ఏళ్ల లెక్క ఆ తేదీ నుంచే. లోపాలేమీ లేవని రాసిన కాగితం ఇస్తే, సీలింగ్ చూడకుండా సంతకం పెట్టొద్దు.