గెలిస్తేనే ఫీజు: ప్రభుత్వ కేసును నడిపేదెవరు?

మన దేశంలో వకీలు కేసు గెలిస్తే వచ్చే సొమ్ములో వాటా ఇమ్మని కక్షిదారుతో ఒప్పందం చేసుకోకూడదు. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మాటే మళ్ళీ గట్టిగా చెప్పింది. అమెరికాలో మాత్రం అది మామూలే. చేతిలో డబ్బు లేనివాడు కోర్టు గడప తొక్కడానికి అక్కడ ఉన్న ముఖ్యమైన దారి అది. కక్షిదారు స్థానంలో ఒక నగరమో, మన జిల్లాలాంటి కౌంటీయో ఉన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ప్రభుత్వం న్యాయం జరగాలని కోర్టుకెక్కాలి, ఓడిపోవడమే న్యాయమైతే దానికీ సిద్ధపడాలి. గెలిస్తే తప్ప రూపాయి రాని వకీలు అంత నిష్పక్షపాతంగా ఉండగలడా? నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్నకు అక్కడి కోర్టులు, శాసనసభలు ఇచ్చిన జవాబులను వరసగా చూస్తే, ఫీజు ఎంత అన్నదానికన్నా నిర్ణయం ఎవరిది అన్నదే ముఖ్యమని తేలుతుంది.

మొదటి జవాబు దాదాపు నిషేధమే. కాలిఫోర్నియాలోని కరోనా నగరం ఒక అశ్లీల పుస్తకాల దుకాణాన్ని మూయించడానికి బయటి వకీలును పెట్టుకుంది. గెలిస్తే గంటకు 60 డాలర్లు, ఓడితే 30. రాష్ట్ర సుప్రీంకోర్టు 1985లో ఆ వకీలును కేసు నుంచి తప్పించింది. ఒక వ్యాపారాన్ని మూసేయించే అధికారం చేతిలో ఉన్నవాడికి గెలుపులో సొంత లాభం ఉండరాదని దాని వాదం. అదే కోర్టు 2010లో మెత్తబడింది. సాంటా క్లారా తదితర కౌంటీలు, నగరాలు సీసం కలిసిన రంగుల తయారీదార్లపై వేసిన కేసు అది. ఇళ్ళలో ఆ రంగుల వాడకాన్ని 1978లోనే నిషేధించారు కాబట్టి మూతపడే వ్యాపారమేదీ లేదు. అందువల్ల వాటా వకీళ్ళు ఉండవచ్చని, అయితే కీలక నిర్ణయాలన్నీ ప్రభుత్వ న్యాయవాదులే తీసుకోవాలని, రాజీ అధికారం పూర్తిగా ప్రభుత్వానిదేనని, ప్రతివాదులు ప్రభుత్వ న్యాయవాదితో నేరుగా మాట్లాడే వీలుండాలని, ఇవన్నీ ఒప్పందంలోనే రాసి ఉండాలని కోర్టు షరతులు పెట్టింది. ఆ కేసు 2019లో 30.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. వాటా వకీళ్ళు లేకపోతే అన్నేళ్ళు ఆ కంపెనీలతో పోరాడటం ఆ కౌంటీలకు చాలా కష్టమయ్యేది.

టెక్సాస్ మరో దారిన నడిచింది. పొగాకు కంపెనీలతో రాజీ కుదిరాక 1998లో ఆ రాష్ట్రం తరఫు ప్రైవేటు వకీళ్ళకు 330 కోట్ల డాలర్ల ఫీజు ఖరారైంది. జనం నివ్వెరపోయారు. మరుసటి ఏడాదే రాష్ట్రం చట్టం చేసింది. దాని ప్రకారం వకీలు పనిచేసిన గంటలకు లెక్క రాయాలి. ఫీజును ఆ గంటల మీదే కట్టాలి. కేసులోని కష్టనష్టాలను బట్టి నాలుగు రెట్ల వరకు పెంచవచ్చు గానీ, వసూలైన సొమ్ములో 35 శాతం మించకూడదు. ఇది మంచి నియమం. అయితే 2019లో ఈ చట్టాన్ని స్థానిక సంస్థలకు విస్తరిస్తూ రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. ఒప్పందం ఎందుకు అవసరమో ముందుగా ప్రకటించాలి, బహిరంగ సమావేశంలోనే ఆమోదించాలి, గంటల ఫీజుకు ఆ పని చేసేవారు దొరకరని రాతపూర్వకంగా తేల్చాలి అన్నది ఒకటి. ఆ తర్వాత రాష్ట్ర అటార్నీ జనరల్ అనుమతి కూడా ఉండాలన్నది రెండోది. ఆయన 90 రోజుల్లోగా కాదంటే ఒప్పందం చెల్లదు.

మొదటిది ప్రజల హక్కు. రెండోదానితో నేను ఏకీభవించలేను. కొద్ది వేలమంది జనాభా ఉన్న కౌంటీకి పెద్ద లా సంస్థతో బేరమాడే శక్తి ఉండదని, కాగితం మీద అధికారం తనదైనా నడిపేది ఆ సంస్థేనని, అందుకే పైనుంచి ఒక కన్ను ఉండాలని చట్టాన్ని సమర్థించేవారు అంటారు. భయం నిజమైనదే. కానీ ఆ కన్ను ఎవరిది? రాష్ట్రం తరఫున దావాలు వేసే అటార్నీ జనరల్‌దే. జనాన్ని వ్యసనంలోకి నెట్టిన ఓపియాయిడ్ నొప్పిమందుల కేసుల్లో రాష్ట్రాలూ కౌంటీలూ ఒకే కంపెనీలపై దావాలు వేశాయి, ఒకే రాజీ సొమ్ము కోసం పోటీపడ్డాయి. ఒక హక్కుదారు వకీలును పెట్టుకోవాలంటే మరో హక్కుదారు ఒప్పుకోవాలనడం ఎక్కడి న్యాయం? పొగాకు రాజీలో రాష్ట్రాలకు వచ్చిన సొమ్ము చాలాచోట్ల పొగ మాన్పించే పనులకు పెద్దగా చేరలేదన్న అనుభవమే కౌంటీలను ఈసారి సొంతంగా కోర్టుకు నడిపించిన కారణాల్లో ఒకటి.

అటార్నీ జనరల్ వీటో లేకపోతే ఫీజులు ఆకాశాన్నంటుతాయన్న వాదన కూడా నిలవదు. క్లీవ్‌లాండ్‌లోని ఫెడరల్ కోర్టు ముందుకు ఓపియాయిడ్ దావాలు మూడు వేలకు పైగా వచ్చాయి. 2021 ఆగస్టులో ఆ కోర్టు వకీళ్ళ వాటాకు 15 శాతం పరిమితి విధించింది. ఒప్పందాల్లో అంతకంటే ఎక్కువ రాసుకున్నవారికీ అంతే. కేసులను దగ్గరగా చూసిన న్యాయమూర్తి ఫీజుకు పగ్గం వేశారు, దావా వేయాలా వద్దా అన్నది మాత్రం కౌంటీల చేతిలోనే ఉంది. అటార్నీ జనరల్‌కు అభ్యంతరముంటే దాన్ని రాసి బహిరంగ సమావేశంలో చదివించవచ్చు. కౌంటీ ఓటర్లు విని తేల్చుకుంటారు. టెక్సాస్ శాసనసభ 35 శాతం పరిమితిని, గంటల లెక్కను, బహిరంగ సమావేశాన్ని ఉంచి, ఆ 90 రోజుల అనుమతిని ఎత్తివేయాలి.