సందిగ్ధ విలువ

గణాంక శాస్త్రంలో శూన్య పరికల్పనను (తేడా లేదన్న ఊహను) తిరస్కరించాలో వద్దో తేల్చే సరిహద్దు సంఖ్య సందిగ్ధ విలువ. దీనినే క్రిటికల్ వాల్యూ అంటారు.

కనుగొనే పద్ధతి: ముందుగా సార్థకతా స్థాయిని (సాధారణంగా 5 శాతం), పరీక్ష ఏకపక్షమా ద్విపక్షమా అన్నదాన్ని నిర్ణయించాలి. తర్వాత పరీక్షకు తగిన విభాజన పట్టిక చూడాలి. 5 శాతం స్థాయిలో జెడ్ పరీక్షకు ద్విపక్షమైతే 1.96, ఏకపక్షమైతే 1.645. టీ, కై-వర్గ పరీక్షలకు స్వతంత్రాంకాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) కూడా కావాలి.

ఉదాహరణ: పల్నాడు జిల్లా నడికుడి, దాచేపల్లి ప్రాంతం సున్నపురాయికి, సిమెంటుకు పేరుపొందింది. అక్కడ 50 కిలోల సిమెంటు బస్తాలు పదింటిని తూచితే సగటు 49.7 కిలోలు, ప్రామాణిక విచలనం 0.5 కిలోలు వచ్చాయనుకుందాం. సగటు 50 కిలోలేనన్న శూన్య పరికల్పనకు టీ విలువ -1.897. స్వతంత్రాంకాలు 9. 5 శాతం స్థాయిలో ద్విపక్ష సందిగ్ధ విలువ 2.262, టీ పరిమాణం అంతకంటే తక్కువ కనుక బరువులో తేడా ఉందని చెప్పలేం. తూకం తగ్గిందా అని మాత్రమే అడిగితే హద్దు -1.833, అప్పుడు శూన్య పరికల్పన వీగిపోతుంది. అందుకే ఏ పక్షమో బస్తాలు తూచకముందే నిర్ణయించుకోవాలి.

చరిత్ర: టీ విభాజనాన్ని 1908లో గణాంక శాస్త్రవేత్త గాసెట్ ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో ప్రచురించాడు. మరో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925 నాటి గ్రంథంతో పట్టికల వాడకం వ్యాపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు (1920–2023) 1948లో స్కోర్ పరీక్షను ప్రతిపాదించారు. పెద్ద నమూనాల్లో దీని సందిగ్ధ విలువలు కై-వర్గ పట్టిక నుంచే వస్తాయి. ఒక స్వతంత్రాంకానికి 5 శాతం స్థాయిలో అది 3.841.