ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు నోరు తెరవమని ఎందుకు అంటారు? ఆయన దగ్గర ఏవి దాచకూడదు?

ఇంట్లో ఒకరికి హెర్నియాకో, పిత్తాశయంలో రాళ్లకో ఆపరేషన్ చేయాలన్నారు. సర్జన్ ఎవరు, ఖర్చెంత, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని అందరూ వాకబు చేస్తారు. మత్తు ఎవరిస్తారని అడిగేవాళ్లు అరుదు. ఆపరేషన్‌కు ముందు ఒక డాక్టరు వచ్చి, కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక బయటపెట్టమంటారు. మెడ వెనక్కి వంచమంటారు. కట్టుడు పళ్లున్నాయా, ఊగే పన్ను ఏదైనా ఉందా అని అడుగుతారు. పొట్టకు ఆపరేషనైతే నోరెందుకు చూస్తున్నారో చాలామందికి అర్థం కాదు.

దీన్ని ప్రీ అనస్థీషియా చెకప్ అంటారు. ఆసుపత్రి సిబ్బంది పీఏసీ అనో, 'ఫిట్‌నెస్' అనో అంటారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి మొక్కుబడి తంతులా కనిపిస్తుంది. కానీ థియేటర్‌లో జరగగల ప్రమాదాల్లో చాలావాటిని ముందే పసిగట్టగలిగేది ఇక్కడే.

కొండనాలుక కనిపిస్తోందా?

పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు చాలా ఆపరేషన్లకు కండరాలను వదులు చేసే మందు కూడా ఇస్తారు. అప్పుడు రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి, మిషన్‌తో శ్వాస ఇవ్వాలి. గొట్టం వేయడానికి గొంతు లోపలి స్వరతంత్రులు డాక్టరుకు కనబడాలి. అవి కనబడకపోతే, మాస్కుతోనూ గాలి వెళ్లకపోతే, చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. ఆక్సిజన్ అందకపోతే ముందు దెబ్బతినేది మెదడు.

ఎవరికి గొట్టం వేయడం కష్టమవుతుందో ముందే అంచనా వేసే తేలిక పద్ధతిని కనిపెట్టింది మన తెలుగు డాక్టరే. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు, నాలుక వెనుక కొండనాలుక, మెత్తటి అంగిలి ఎంతవరకు కనిపిస్తున్నాయో చూస్తే చాలావరకు తెలిసిపోతుందని ప్రతిపాదించారు. 210 మంది రోగులను పరిశీలించి 1985లో ఆ ఫలితాలను ప్రచురించారు. ఆయన మూడు తరగతులు పెట్టగా, 1987లో మరో ఇద్దరు డాక్టర్లు నాలుగోది చేర్చారు. ఇవాళ ప్రపంచవ్యాప్తంగా కేసు షీట్లలో 'మల్లంపాటి 1', 'మల్లంపాటి 3' అని రాస్తుంటారు. మీ షీటులో ఆ పేరు కనిపిస్తే, అది డాక్టరు సంతకం కాదు, మీ గొంతుకు వేసిన మార్కు. అయితే ఇదొక్కటే సరిపోదు. దవడ ఎంత తెరుచుకుంటోంది, మెడ ఎంత వంగుతోంది అన్నవీ కలిపి చూస్తారు. గొట్టం వేయడం కష్టమని ముందే తెలిస్తే వీడియో లారింగోస్కోప్ లాంటి పరికరాలు, మరో సీనియర్ డాక్టరు సిద్ధంగా ఉంటారు.

'కొంచెం టీయే కదా'

మత్తులో గొంతుకుండే సహజ రక్షణ పనిచేయదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పస్తు ఉండమనేది అందుకే. సాధారణంగా పాటించే లెక్క ఇది: మంచినీళ్లయితే 2 గంటల ముందు వరకు తాగవచ్చు. తల్లిపాలకు 4 గంటలు, ఇడ్లీ లాంటి తేలికపాటి తిండికి 6 గంటలు, వేపుళ్లు, మాంసాహారానికి 8 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ వ్యవధి ఉండాలి. మనవాళ్లు పొరబడేది టీ దగ్గర. పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రాదు, తిండి లెక్కలోకే వస్తుంది. నీరసపడతారని ఆపరేషన్ రోజు పొద్దున్నే అరకప్పు టీ పోసి, నర్సు అడిగితే 'ఏమీ తీసుకోలేదు' అని చెప్పే బంధువులు ప్రేమతోనే ఆ పని చేస్తారు. నిజం చెబితే ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కి వెళ్తుంది, అంతే. అత్యవసరమైతే కడుపు నిండి ఉన్నవారికి మత్తిచ్చే పద్ధతి వేరే ఉంది. కానీ కడుపులో ఏముందో డాక్టరుకు తెలిస్తేనే కదా ఆ పద్ధతి వాడేది.

మధ్యాహ్నం ఆపరేషన్ పెట్టుకుని ముందురోజు రాత్రి నుంచి చుక్క నీరు ముట్టకపోవడమూ మంచిది కాదు. ముఖ్యంగా పిల్లలు, ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు. నీళ్లు ఎప్పటివరకు తాగవచ్చో టైముతో సహా అడిగి రాసుకోండి.

రోజూ వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. రక్తం పలుచబరిచే మాత్రల సంగతి చాలామంది చెబుతారు. షుగర్‌కు వాడే డపాగ్లిఫ్లోజిన్ లాంటివాటిని సాధారణంగా మూడు రోజుల ముందే ఆపమంటారని, బరువు తగ్గడానికి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుందని ఎక్కువమందికి తెలియదు. వీటిని ఎవరికి వారు ఆపేయకూడదు, అడిగి ఆపాలి. నాటుమందులు, సిగరెట్, మద్యం కూడా చెప్పాలి. అత్తగారి ముందు చెప్పలేని సంగతైతే, వాళ్లను కాసేపు బయట ఉండమని డాక్టరుతోనే చెప్పించవచ్చు.

అలాగే, 'మా బంధువుల్లో ఒకాయన మత్తులోనే పోయారు' అన్న పాత కథను తేలిగ్గా వదిలేయకండి. ఆస్ట్రేలియాలో కాలు విరిగి ఆసుపత్రికి వచ్చిన 21 ఏళ్ల యువకుడు, విరిగిన కాలికన్నా మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. అతని బంధువుల్లో పది మంది మత్తు తీసుకున్నాక చనిపోయారు. డాక్టర్లు ఆ మాట నమ్మి వంశావళి గీసి చూస్తే, అది వంశపారంపర్యంగా వచ్చే లోపమని తేలింది. 1960లో ఈ సంగతి ప్రచురితమైంది. కొన్ని మత్తుమందులు పడగానే ఒళ్లు కాలిపోయి, కండరాలు బిగుసుకుపోయే ఆ జబ్బును మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు. ముందే తెలిస్తే ఆ మందులు వాడకుండానే మత్తివ్వవచ్చు.

ఫిట్‌నెస్ ఇవ్వకపోతే?

సెలవులు పెట్టుకుని, ఊరి నుంచి వచ్చి, మంచం దొరికాక 'బీపీ ఎక్కువగా ఉంది, వారం ఆగండి' అంటే కోపం రావడం సహజం. జలుబు చేసిన పిల్లలకైతే కొన్ని వారాలు వాయిదా వేస్తారు. ఆ సమయంలో గొట్టం తగిలితే శ్వాసనాళం బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. వాయిదాకు కారణమేమిటి, ఏది ఎంతకు తగ్గాలి అని అడిగి చీటీ మీద రాయించుకోండి. ఫిట్‌నెస్ కోసం ఒత్తిడి మాత్రం చేయకండి.

వేలికి క్లిప్పు

మానిటర్లు లేని రోజుల్లో ప్రమాదం ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. 1848లో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన 15 ఏళ్ల అమ్మాయి క్లోరోఫాం ఇవ్వగానే చనిపోయింది. క్లోరోఫాం ఆపేది గుండెనా, శ్వాసనా అన్న వాదన అప్పటి నుంచి దశాబ్దాలు నడిచింది. దాన్ని తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేసింది హైదరాబాద్‌లోనే. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ వీటిని నడిపించగా, ఆరో నిజాం డబ్బిచ్చారు. గుండెకు భయం లేదు, శ్వాసను చూసుకుంటే చాలని వాళ్లు తేల్చారు. అది తప్పు. క్లోరోఫాం గుండె లయనూ చెదరగొట్టగలదని 1911లో రుజువైంది. ఇప్పుడు రెండింటినీ చూస్తారు. కోవిడ్‌తో అందరికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటర్ వేలికి ఉంటుంది. గోళ్ల రంగు తీసేయమనేది దానికోసమే. శ్వాసలో బొగ్గుపులుసు వాయువును కొలిచే మిషన్, గొట్టం శ్వాసనాళంలోనే ఉందా, పొరపాటున అన్నవాహికలోకి పోయిందా అన్నది కొన్ని శ్వాసల్లోనే చెప్పేస్తుంది.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్టు కూడా ఉంది. మీ పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని థియేటర్‌లో మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. ఢిల్లీతో సహా 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో దీన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. తర్వాత కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా ఉద్దేశంలో, కాగితం మీద టిక్కులు పెట్టడం వేరు, నిజంగా ఆగి అడగడం వేరు.

సంతకం, రికార్డు

అంగీకార పత్రం మీద సంతకం మత్తివ్వకముందే, అందులో ఏముందో తెలుసుకున్నాకే చేయాలి. ఒక ఆపరేషన్‌కు ఇచ్చిన అంగీకారం మరోదానికి చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు మత్తులో ఉన్న మేజరు తరఫున తల్లి ఒప్పుకున్నా సరిపోదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

డిశ్చార్జి అయ్యేటప్పుడు గొట్టం వేయడం కష్టమైందా, ఏ మందైనా పడలేదా అని అడగండి. అయితే దాన్ని రాయించుకుని ఫైల్లో దాచుకోండి. మీకు తర్వాత మత్తిచ్చే డాక్టరుకు అంతకన్నా విలువైన కాగితం ఉండదు. అప్పుడు తీసుకోవడం మర్చిపోయినా పర్వాలేదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లోగా రోగికి ఇవ్వాలి. మత్తు ఇచ్చినప్పటి నుంచి నిమిషాల వారీగా బీపీ, నాడి రాసిన అనస్థీషియా చార్టు కూడా కావాలని దరఖాస్తులో విడిగా పేర్కొనండి.