పటంలో మిగిలిన నది

లండన్ భూగర్భ రైలు పటాన్ని ఎక్కడో ఒకచోట చూడని మిత్రులు అరుదు. అంత తేటగా కనిపించే ఆ చిత్రానికై ఎంత విడిచిపెట్టవలసి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

పూర్వపు పటాలలో రైలుమార్గాలు నేలమీద ఎట్లా వంకరలు తిరిగితే కాగితంమీద ఇంచుమించు అట్లాగే తిరిగేవి. నగరమధ్యంలో స్టేషన్ల పేర్లు ఒకదానినొకటి ఒరుసుకొనేవి. శివారులలో కాగితం బోసిపోయేది. 1931లో హ్యారీ బెక్ అనే ఇరువది తొమ్మిదేండ్ల చిత్తుపటాల లేఖకుడు, తీరిక వేళలలో మరొక పటం గీశాడు. సొరంగంలో కూర్చున్న ప్రయాణికునికి పైనున్న వీధి ఒంపుతో పని యేమి? ఏ బండి ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఇంతే కదా! కనుక రేఖలన్నీ అడ్డంగానో, నిలువుగానో, నలుబదియైదు డిగ్రీల ఏటవాలుగానో ఉండాలన్నాడు. నగరమధ్యాన్ని విప్పార్చి, శివారులను కుదించాడు. మామూలు స్టేషనుకు చుక్క తీసివేసి చిన్న గీటు పెట్టాడు.

అధికారులు మొదట కాదన్నారు. 1932లో కొద్ది ప్రతులతో పరీక్షించి, 1933 జనవరిలో లక్షలుగా అచ్చువేశారు. జనం ఎగబడి తీసుకొన్నారు.

దూరాల విషయంలో ఈ పటం నిస్సంకోచంగా అబద్ధమాడుతుంది. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల నడుమ దూరం మూడువందల మీటర్లకు లోపే. నడిచిపోగలిగినవాడు కూడా పటం చూసి రైలెక్కుతాడు. అయినా ఆ అబద్ధాన్ని నేను తప్పుపట్టను. అడిగిన ప్రశ్నకు అది సూటిగా జవాబు చెబుతున్నది.

అన్నిటినీ తుడిచివేసిన బెక్, థేమ్స్ నదిని మాత్రం ఉంచాడు. రైలుకు నదితో నిమిత్తం లేదు; కాని తానే గట్టున ఉన్నాడో ప్రయాణికునికి తెలియాలి. మన ఆలంకారికులు ఔచిత్యమన్నది ఇటువంటిదే. 2009 సెప్టెంబరులో పటాన్ని ఇంకా తేలిక చేద్దామని ఆ నదినీ తీసివేశారు. నగరమంతా గగ్గోలు పుట్టింది. ఆ డిసెంబరులోనే నది తిరిగి వచ్చింది.

బెక్ కథ మాత్రం అంత సుఖంగా ముగియలేదు. 1960లో అతనికి చెప్పకుండానే మరొకరి పేరుతో కొత్త పటం వెలువడింది. హక్కు కోసం ఏండ్ల తరబడి పోరాడి, ఓడి, 1974లో కన్నుమూశాడు. మూలకల్పన హ్యారీ బెక్‌దని పటం అంచున చిన్న అక్షరాలలో అచ్చువేయడం 1997లో మొదలయింది. ఆ ఒక్క పంక్తివల్ల పటమేమీ ఇరుకైపోలేదు.